మన పొద్దు, వాళ్ళ పొద్దు: బరంపురం, నాందేడ్, షికాగోల సూర్యోదయ సూర్యాస్తమయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచ, చంద్రపూర్, ధర్మాబాద్, నాందేడ్. తెలుగు ఇళ్ళున్న ఈ ఊళ్ళన్నీ దాదాపు ఒకే అడ్డగీత మీద, భూమధ్యరేఖకు ఉత్తరాన 19 డిగ్రీల అటూ ఇటూగా ఉన్నాయి. పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్ళి స్థిరపడ్డ ఊళ్ళు మాత్రం 40 డిగ్రీల దగ్గర ఉంటున్నాయి. అందుకే పొద్దు గురించిన సందేహాలు ఎక్కువయ్యాయి. కింద ఇచ్చిన వేళలు లెక్క కట్టి తీసినవి. ఏడాదిని బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ కావచ్చు.

పగలు ఎంతసేపు ఉండాలో ఏది నిర్ణయిస్తుంది?

ఊరు ఎంత ఉత్తరాన ఉందన్నదే నిర్ణయిస్తుంది. భూమి తన దారికి 23.4 డిగ్రీలు వంగి తిరుగుతోంది కాబట్టి జూన్‌లో ఉత్తరార్ధం సూర్యుడి వైపు మొగ్గుతుంది, డిసెంబరులో వెనక్కి వాలుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ మొగ్గు పగటి నిడివిని పెద్దగా మార్చదు. ఉత్తరానికి పోయేకొద్దీ మార్పు పెరుగుతుంది. బరంపురంలో అతి పొడవైన పగలు 13 గంటల 17 నిమిషాలు, అతి పొట్టి పగలు 10 గంటల 58 నిమిషాలు. తేడా రెండు గంటల ఇరవై నిమిషాలకు మించదు. షికాగోలో 15 గంటల 13 నిమిషాల నుంచి 9 గంటల 8 నిమిషాలకు పడిపోతుంది, అంటే ఆరు గంటల పైచిలుకు తేడా.

గడియారంలో ఎన్నింటికి తెల్లవారుతుందన్నది మాత్రం వేరే సంగతి. అది ఊరు ఎంత తూర్పున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నిడివికి అక్షాంశం, వేళకు రేఖాంశం. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే కింది సందేహాల్లో సగం పుడుతున్నాయి.

మా వియ్యాలవారిది నాందేడ్. ఎండాకాలంలో అక్కడ ఏడింటికి కూడా వెలుతురుంటుంది, మా బరంపురంలో ఆ వేళకి దీపాలు వెలిగిపోతాయి. వాళ్ళకి పగలు ఎక్కువా?

లేదండీ, ఇద్దరికీ అంతే పగలు. బరంపురం 19.3 డిగ్రీల ఉత్తరాన, నాందేడ్ 19.15 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. పగటి నిడివిలో తేడా నిమిషం కూడా రాదు. కానీ బరంపురం రేఖాంశం 84.8 డిగ్రీలైతే నాందేడ్‌ది 77.3. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఏడున్నర డిగ్రీలకు అరగంట. జూన్ 21న బరంపురంలో 5.14కి పొద్దు పొడిచి 6.31కి కుంకుతుంది. నాందేడ్‌లో 5.44కి పొడిచి 7.01కి కుంకుతుంది. వియ్యపురాలు సాయంత్రం ఎక్కువసేపు పెరట్లో కూర్చుంటుందంటే, పొద్దున ఆ అరగంట మీకు ముందే ముట్టిందన్న మాట.

రాయగడ నుంచి నాందేడ్‌కు నాగావళి ఎక్స్‌ప్రెస్ నేరుగా నడుస్తుంది. అందులో ఆ చివరి నుంచి ఈ చివరికి పోతే దారిలో ఎక్కడా గడియారం తిప్పం. సూర్యుడు మాత్రం 24 నిమిషాలు జరిగిపోతాడు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళ కూడా ఇంతే. నాందేడ్ వేళ చూసుకుని బరంపురంలో ఇఫ్తార్‌కు ఆగితే అరగంట ఆలస్యమౌతుంది.

గడియారానికీ సూర్యుడికీ సరిగ్గా కుదిరే ఊరు మన వైపు ఏదైనా ఉందా?

జయపురం. భారత ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్కగట్టారు. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర నుంచి దిగి కొరాపుట్ జిల్లా మీదుగా ఆంధ్రలోకి వస్తుంది. జయపురం 82.57 డిగ్రీల దగ్గర, అంటే గీతను ఆనుకుని ఉంది. దేశమంతా చేతికి కట్టుకుని తిరిగేది లెక్కప్రకారం జయపురం మధ్యాహ్నాన్నే, ఆ ఊరివాళ్ళు ఈ సంగతి ఎందుకు గొప్పగా చెప్పుకోరో తెలీదు! బరంపురం ఆ గీతకు తూర్పున ఉంది కనుక అక్కడ సూర్యుడు గడియారం కన్నా 9 నిమిషాలు ముందుంటాడు. నాందేడ్‌లో 21 నిమిషాలు వెనకబడతాడు.

ఏడాదిలో నాలుగు ముఖ్యమైన రోజుల వేళలు ఒకచోట చెప్పండి.

| రోజు | బరంపురం | నాందేడ్ | షికాగో |
|---|---|---|---|
| మార్చి 21 | 5.55 – 6.02 | 6.24 – 6.31 | 6.53 – 7.02 |
| జూన్ 21 | 5.14 – 6.31 | 5.44 – 7.01 | 5.15 – 8.29 |
| సెప్టెంబరు 23 | 5.40 – 5.47 | 6.10 – 6.17 | 6.39 – 6.48 |
| డిసెంబరు 21 | 6.20 – 5.18 | 6.50 – 5.48 | 7.15 – 4.23 |

ప్రతి గడిలో మొదటిది ఉదయం, రెండోది సాయంత్రం. షికాగో వేళలు అక్కడి గడియారం ప్రకారం ఇచ్చినవి. డిసెంబరు ఒక్కటీ వాళ్ళ అసలు ప్రామాణిక సమయం, మిగతా మూడూ గంట ముందుకు తిప్పిన సమయం.

అతి పొట్టి పగలు డిసెంబరు 21 అంటారు కదా. మరి కార్తీకంలోనే త్వరగా చీకటి పడుతున్నట్టు, సంక్రాంతి అయ్యాక కూడా ఆలస్యంగా తెల్లవారుతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది?

అనిపించడం కాదు, జరుగుతున్నదే అది. కార్తీకానికి కడవ కడిగే పొద్దుండదనీ, పుష్యానికి పూస గుచ్చే పొద్దుండదనీ పెద్దవాళ్ళు ఒక్కో ఇంట ఒక్కో తీరుగా అంటారు. లెక్క కూడా వాళ్ళ వైపే ఉంది.

బరంపురంలో అన్నిటికన్నా తొందరగా పొద్దుగుంకేది నవంబరు ఆఖరి వారంలో, 5.11 ప్రాంతంలో. డిసెంబరు 21 నాటికి అప్పుడే ఏడు నిమిషాలు ఆలస్యమై 5.18 అవుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది జనవరి 15, 20 తేదీల మధ్య, 6.27కి. అంటే భోగి మంట ఆరిపోయి, కనుమ కూడా అయ్యాక. డిసెంబరు 21న రెండు చివరలూ కలిపి లెక్కేస్తే పగలు పొట్టిగా తేలుతుంది. అంతేగానీ ఆ రోజు ఏ చివరా రికార్డు కాదు.

కారణం ఏమిటంటే, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పటి నుంచి మళ్ళీ నడినెత్తికి వచ్చేదాకా పట్టే కాలం రోజూ కచ్చితంగా 24 గంటలు కాదు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా వస్తుంది, వేగం పెరుగుతుంది. పైగా సూర్యుడు నడిచే దారి ఏటవాలుగా ఉంది. ఈ రెండూ కలిసి డిసెంబరు మూడో వారంలో ఒక్కో రోజును 24 గంటల 30 సెకన్లు చేస్తాయి. రోజుకు అర నిమిషం చొప్పున మధ్యాహ్నం ఆలస్యమౌతూంటే దాంతో పాటు ఉదయం, సాయంత్రం కూడా జరుగుతాయి. నవంబరు 3 ప్రాంతంలో సూర్యుడు 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి 11 నాటికి 14 నిమిషాలు వెనకబడతాడు. వంద రోజుల్లో అరగంట జరిగిపోతాడు.

ఈ జరుగుడు భూమి అంతటికీ ఒకటే. కానీ మన దగ్గర పగటి నిడివి మెల్లగా మారుతుంది కాబట్టి దీనిదే పైచేయి అవుతుంది. షికాగోలో నిడివి గబగబా మారుతుంది, అందుకే అక్కడ అతి తొందర సూర్యాస్తమయం డిసెంబరు 8 ప్రాంతానికే వస్తుంది, డిసెంబరు 21కి రెండు వారాల ముందు. మనకైతే నాలుగు వారాలు. ఉత్తరానికి పోయేకొద్దీ ఈ ఎడం తగ్గుతుంది.

ఎండాకాలంలో కూడా ఇలాంటిదే ఉంది, కాస్త చిన్నది. బరంపురంలో అన్నిటికన్నా ముందు తెల్లవారేది జూన్ మొదటి వారంలో 5.12కి, అన్నిటికన్నా ఆలస్యంగా పొద్దుగుంకేది జూలై మొదటి వారంలో 6.33కి. వానమబ్బుల్లో దాన్ని గమనించేవాళ్ళు తక్కువ.

ఉత్తరాయణం సంక్రాంతికి కదా మొదలయ్యేది? డిసెంబరు 21 ఎక్కడి నుంచి వచ్చింది?

సూర్యుడు దక్షిణం చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది డిసెంబరు 21 లేదా 22నే. సంక్రాంతి సూర్యుడు మకర రాశిలోకి వచ్చే రోజు. ఆ రాశిని నక్షత్రాల ఆధారంగా గీశారు. భూమి అక్షం నెమ్మదిగా తిరుగుతున్నందువల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ వచ్చింది. ఇప్పుడది 24 డిగ్రీలకు చేరింది, అంటే మూడున్నర వారాలు. పంచాంగం వాళ్ళు దీన్నే అయనాంశ అంటారు. పండగ పండగే. సూర్యుడి మలుపు మాత్రం ధనుర్మాసం మొదటి వారంలోనే అయిపోతోంది.

పోలికకు షికాగోనే ఎందుకు తీసుకున్నారు? మా అమ్మాయి ఉండేది న్యూజెర్సీలో.

ఏ ఊరైనా తీసుకోవచ్చు, కానీ షికాగోకూ బరంపురానికీ ఒక తమాషా చుట్టరికం ఉంది. బరంపురం మన ప్రామాణిక రేఖకు 2.3 డిగ్రీలు తూర్పున ఉంటే, షికాగో తన ప్రామాణిక రేఖకు 2.4 డిగ్రీలు తూర్పున ఉంది. అంటే చలికాలంలో ఇద్దరి గడియారాల్లోనూ సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒకే అంకెకు: డిసెంబరు 21న రెండు చోట్లా 11.49. కాబట్టి ఆ రోజు వేళల్లో కనిపించే తేడా అంతా అక్షాంశం తెచ్చిందే. ఉదయం 55 నిమిషాలు ఆలస్యం, సాయంత్రం 55 నిమిషాలు ముందు. తూకం వేసినట్టు వస్తుంది.

జూన్‌లో ఇంకో విచిత్రం. బరంపురంలో సూర్యోదయం 5.14, షికాగోలో 5.15! రెండూ ఒకేలా కనిపించడం యాదృచ్ఛికం. అక్కడ గడియారాన్ని గంట ముందుకు తిప్పకుండా వదిలేస్తే 4.15కే తెల్లవారేది. ఆ గంటను సాయంత్రానికి జరిపారు, అందుకే 8.29 దాకా వెలుతురు. మనవళ్ళకు ఎండ ఉండగానే పడుకోబెడుతున్నారని ఇక్కడి అమ్మమ్మలు ఆశ్చర్యపోయేది దీనికే.

న్యూజెర్సీకి నిడివి దాదాపు ఇదే. అతి పొడవైన పగలు 15 గంటల పైచిలుకు ఉంటుంది.

అక్కడ గడియారం ఎప్పుడు తిప్పుతారు? ఫోను ఎప్పుడు చేయాలో ప్రతిసారీ తికమకే.

2007 నుంచి అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతున్నారు. షికాగోకూ మనకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. బరంపురంలో రాత్రి 8 అయితే షికాగోలో జూన్‌లో ఉదయం 9.30, డిసెంబరులో 8.30.

పొద్దు విషయానికొస్తే నవంబరు మార్పే గట్టిగా తగులుతుంది. నవంబరు 1 ప్రాంతంలో అక్కడ ఉదయం 7.23 దాకా సూర్యుడు రాడు, సాయంత్రం 5.45కి పోతాడు. గడియారం వెనక్కి తిప్పిన మర్నాడు 4.40కే పోతాడు. ఒక్క రాత్రిలో సాయంత్రం మాయం. కొత్తగా వెళ్ళిన పిల్లలు ఆ వారంలో కాస్త దిగులుగా మాట్లాడితే కంగారు పడకండి, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా సణుగుతారు.

అక్కడ పగలు రోజుకు ఎంత మారుతుంది?

మార్చి, సెప్టెంబరు నెలల్లో షికాగోలో రోజుకు దాదాపు 3 నిమిషాలు మారుతుంది, వారానికి ఇరవై. బరంపురంలో రోజుకు నిమిషం చిల్లర. అందుకే మనకు రుతువు పొద్దులో కన్నా గాలిలో, వానలో ముందు తెలుస్తుంది.

సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడా?

ఏడాదిలో రెండు రోజులే, మార్చి 20, సెప్టెంబరు 22 తేదీల ప్రాంతంలో. మిగతా రోజుల్లో పక్కకు జరుగుతాడు. బరంపురంలో జూన్‌లో తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో 25 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. గోపాలపూర్ ఒడ్డున జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఒకే చోట నిలబడి చూడండి, మధ్యలో ఎంత సముద్రం ఉందో తెలుస్తుంది. షికాగోలో ఇది 32 డిగ్రీలు. అక్కడ తూర్పున మిషిగన్ సరస్సు ఉంది కాబట్టి వాళ్ళకూ పొద్దు నీళ్ళలోంచే వస్తుంది. ఊరి వీధులు నిక్కచ్చిగా తూర్పు పడమరలుగా ఉన్నందువల్ల ఆ రెండు రోజుల్లో సూర్యుడు భవనాల మధ్య వీధి చివర సరిగ్గా దిగుతాడు. కెమెరాలు పట్టుకుని జనం రోడ్ల మీదికి వస్తారు.

మనకు ఇలాంటిది అరసవల్లిలో ఉంది. శ్రీకాకుళం పక్కనే ఉన్న సూర్యనారాయణస్వామి గుడిలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. సరిహద్దు ఇవతలి నుంచి కూడా బస్సులు కట్టుకుని వెళ్తారు. ఆ రెండు తేదీలే ఎందుకంటే, మార్చి 10న సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉండి ఉత్తరానికి వస్తూంటాడు, అక్టోబరు 3న అదే నాలుగు డిగ్రీల దగ్గర దక్షిణానికి పోతూంటాడు. రెండు రోజులూ ఒకే చోట పొడుస్తాడు. గర్భగుడికీ వాకిళ్ళకూ కుదిరిన వరుస ఆ ఒక్క చోటికే గురిపెట్టి ఉంది. కట్టినవాళ్ళు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా చూశారో ఆ జంట తేదీలే చెబుతాయి.

మే, జూన్ నెలల్లో మా ఇంటి ఉత్తరపు కిటికీలోంచి ఎండ వస్తోంది. దిక్కు తప్పు కట్టామా?

మేస్త్రీని తిట్టకండి. మే 17 ప్రాంతంలో బరంపురంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మధ్యాహ్నం 11.47కి నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆ తర్వాత జూలై 26 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఉదయం, సాయంత్రం అయితే ఇంకా ఎక్కువ ఉత్తరంగా ఉంటాడు. జూలై 26 ప్రాంతంలో తిరిగి వెళ్తూ ఇంకోసారి నీడ మాయం చేస్తాడు, మబ్బులుంటే కనబడదు.

షికాగోలో ఇది ఎప్పుడూ జరగదు. జూన్‌లో కూడా సూర్యుడు 72 డిగ్రీల ఎత్తు దాటడు, డిసెంబరు మధ్యాహ్నం 25 డిగ్రీల దగ్గరే వేలాడతాడు. బరంపురంలో డిసెంబరులో కూడా 47 డిగ్రీలు ఎక్కుతాడు. మన చలికాలపు ఎండకు వేడి ఉండేది, వాళ్ళ ఎండకు లేనిది ఇందుకే.

ఆదివారం రాహుకాలం సాయంత్రం 4.30 నుంచి 6 అని గోడ క్యాలెండరులో ఉంది. షికాగోలో ఉన్న మా కోడలికి అదే చెప్పవచ్చా?

చెప్పకండి. ఆ అంకెలు సూర్యోదయం 6కి, సూర్యాస్తమయం 6కి అన్న లెక్కతో వేసినవి. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం ఆఖరి భాగం రాహుకాలం. పగలు మారితే భాగమూ మారుతుంది. బరంపురంలోనే జూన్‌లో అది 4.52 నుంచి 6.31, డిసెంబరులో 3.56 నుంచి 5.18. క్యాలెండరు చూసి డిసెంబరులో నాలుగింటికి బయల్దేరినవాళ్ళు రాహుకాలంలోనే బయల్దేరుతున్నారు!

షికాగోలో జూన్‌లో ఒక భాగం 114 నిమిషాలు, కనుక 6.35 నుంచి 8.29. డిసెంబరులో 68 నిమిషాలే, 3.14 నుంచి 4.23. నమ్మకం ఉన్నవాళ్ళు ఆ ఊరి సూర్యోదయం నుంచే లెక్కించుకోవాలి. పండగలదీ అంతే. తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, కానీ ఆ క్షణానికి అక్కడి గడియారం పదకొండు గంటలు వెనక ఉంటుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసే పండగ అందుకే అక్కడ ఒక్కోసారి ముందు రోజే వస్తుంది.

రెండు పంచాంగాలు, ఒక ఫోను, మూడు సూర్యోదయాలు. ఏది సరి?

మూడూ తమ తమ లెక్కలో సరే కావచ్చు. మొదట, పంచాంగం ఏ ఊరికి గణించారో చూడండి. విజయవాడ లెక్క బరంపురానికి సరిపోదు. భారత ప్రభుత్వపు రాష్ట్రీయ పంచాంగం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం, 23 డిగ్రీల 11 నిమిషాల అక్షాంశం కలిసే బిందువును ఆధారంగా తీసుకుంటుంది. రెండోది, సూర్యోదయం అంటే ఏమిటన్నది. ఫోన్లు, వాతావరణ శాఖ బింబం పైఅంచు కనిపించిన క్షణాన్ని తీసుకుంటాయి, గాలి కాంతిని వంచడం కూడా కలుపుకుంటాయి. కొన్ని పంచాంగాలు బింబం మధ్యభాగాన్ని తీసుకుని, వంపును వదిలేస్తాయి. ఈ ఒక్క తేడాతోనే మూడు నాలుగు నిమిషాలు వస్తుంది.

మూడోది నేల. అన్ని లెక్కలూ చదునైన దిగంతానికే. పర్లాకిమిడి చుట్టూ కొండలున్నాయి, అక్కడ సూర్యుడు కంటపడేది లెక్క కన్నా ఆలస్యంగానే. మహేంద్రగిరి మీద నిలబడితే దీనికి తిరగబడుతుంది. 1501 మీటర్ల ఎత్తు నుంచి సముద్రపు అంచు కిందికి దిగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్ళ కన్నా దాదాపు ఐదు నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది, మంచు అడ్డం రాకపోతే.

మార్చి 21న పగలూ రాత్రీ సమానం కదా?

కాదు. పైన చెప్పిన కాంతి వంపు, పైఅంచు లెక్క వల్ల ఆ రోజు పగలు 12 గంటల 7 నిమిషాలు. బరంపురంలో నిజంగా సమానమయ్యేది మార్చి 14, సెప్టెంబరు 29 తేదీల ప్రాంతంలో. షికాగోలో మార్చి 17, సెప్టెంబరు 26.

సంధ్య మనకి చప్పున అయిపోతుందెందుకు?

మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు, అక్కడ ఏటవాలుగా జారతాడు. సూర్యుడు పోయాక దీపం లేకుండా పని చేసుకోగలిగే వెలుతురు బరంపురంలో 22 నుంచి 24 నిమిషాలు, షికాగోలో 28 నుంచి 33 నిమిషాలు. లండన్‌లో అయితే జూన్ రాత్రులు పూర్తి చీకటే పడవు.

తూర్పున ఉన్నాం కదా, మనకి వేరే సమయం పెడితే బాగుండదా?

ఒకప్పుడు వేరే ఉండేది, కానీ అనుకున్న దిక్కుకు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం రాక ముందు రైళ్ళు నడిచిన మద్రాసు సమయం ఇప్పటి దాని కన్నా దాదాపు 9 నిమిషాలు వెనక ఉండేది. అంటే బరంపురం సూర్యుడికి ఇంకా దూరం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, దేశమంతటా గడియారాన్ని గంట ముందుకు తిప్పారు. అప్పుడు బరంపురంలో జూన్ సూర్యోదయం 6.14 అయ్యేది.

2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు దేశానికి రెండు సమయాలు ప్రతిపాదించారు. వాళ్ళు గీసిన గీత 89 డిగ్రీల 52 నిమిషాల దగ్గర ఉంది. ఈశాన్య రాష్ట్రాలకు అది న్యాయమే, అక్కడ వేసవిలో నాలుగున్నరకే తెల్లవారుతుంది. ఒడిశా మొత్తం ఆ గీతకు పడమరే ఉంది, కనుక మనకు మారేదేమీ లేదు. నన్నడిగితే 9 నిమిషాల కోసం గడియారంతో పేచీ అనవసరం. ఎండలు ముదిరితే ఒడిశాలో బళ్ళను పొద్దుటి పూటకు మారుస్తారు. గడియారాన్ని కాకుండా బడి గంటను జరపడం ఇంకా తెలివైన పని.

మా ఊరు పై పట్టికలో లేదు. ఎలా లెక్క కట్టుకోవాలి?

బరంపురం వేళ తీసుకోండి. మీ ఊరి రేఖాంశం ఫోనులో పటం తెరిస్తే తెలుస్తుంది. 84.8 నుంచి దాన్ని తీసేసి, మిగిలిన దాన్ని 4తో హెచ్చించి, వచ్చిన నిమిషాలు కలపండి. పర్లాకిమిడికి 3 నిమిషాలు, గుణుపురానికి 4, రాయగడకు 5 లేదా 6, జయపురానికి 9, సిరోంచకు 19, చంద్రపూర్‌కు 22, ధర్మాబాద్‌కు 28. ఉదయానికీ సాయంత్రానికీ అంతే కలపాలి.

తర్వాత అక్షాంశం. ఒక డిగ్రీ దక్షిణానికి పోతే జూన్‌లో ఉదయం 2 నిమిషాలు ఆలస్యం, సాయంత్రం 2 నిమిషాలు ముందు. డిసెంబరులో దీనికి సరిగ్గా ఎదురు. మార్చి, సెప్టెంబరుల్లో ఈ సవరణ అక్కర్లేదు. మల్కన్‌గిరినే తీసుకోండి: రేఖాంశం 81.9, కాబట్టి 12 నిమిషాలు కలపాలి. బరంపురానికి ఒక డిగ్రీ దక్షిణాన ఉంది. జూన్ 21న బరంపురం 5.14కు 12, ఇంకో 2 కలిపితే ఉదయం 5.28. సాయంత్రం 6.31కు 12 కలిపి 2 తీసేస్తే 6.41.